వంకర చువ్వ చక్రం

ఆ ఏడు దుమ్ముగాలి మొదలవుతూనే చచ్చిపోయిన బావికి మా చిన్నాన్న ఎడెవోర్ రంగులు వేయించాడు.

మా ఊరు అగ్బాటోలో బావి అంటే నీళ్ళబావి కాదు. దేశంలో తొలిరోజుల్లో భూమిలోంచి ముడినూనె పడ్డ బావుల్లో అదొకటి. నాకు ఊహ తెలిసేసరికే దాని ఊట ఎండిపోయింది. సిమెంటు దిమ్మ మీద మనిషెత్తు ఇనుప గొట్టాలు, వాటి చుట్టూ గడ్డి, ఆ గడ్డిలో మేకలు. కంపెనీవాళ్ళు నూనె పట్టుకుపోయి మాకు ఆ గొట్టాలనూ, చేప బతకని ఒక వాగునూ వదిలిపోయారు. ఇన్నేళ్ళకి అది చరిత్రలో గొప్ప బావి అని ప్రభుత్వానికి గుర్తొచ్చింది. గొట్టాలకి వెండిరంగు కొట్టారు. చుట్టూ కంచె కట్టారు. పక్కనే పాత ఫొటోలు తగిలించిన రేకుల హాలు, ముందు టికెట్ల గది వెలిశాయి. ఇదంతా నడిపించే స్మారక సంఘానికి పెద్ద ఎవరయ్యా అంటే ఇంకెవరు, మా చిన్నాన్నే.

నాకు ఆయనంటే ఒళ్ళుమంట. ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాచేదేం లేదు.

మా నాన్న ఉమూకోరో ఆ బావికి కాపలాదారు. ఊట ఆగిపోయినా కంపెనీ ఆయన్ని కాపలాకి ఉంచింది. బావి నెత్తిన నూనె వదలడానికీ ఆపడానికీ ఒక పెద్ద ఇత్తడి చక్రం ఉండేది. వెనక్కి వస్తున్న లారీ ఒకటి తగిలి దాని చువ్వ ఒకటి వంకరపోయింది. పిల్లలం ఆ వంకరలో కాలు పెట్టి ఎక్కి ఆడుకునేవాళ్ళం. ఒక పొద్దున చూస్తే చక్రం లేదు. పోలీసులు వచ్చి కాపలావాణ్ణే పట్టుకుపోయారు. "నేను తియ్యలేదు" అన్నాడు నాన్న. మరి తీసిందెవరంటే నోరు విప్పలేదు. జైల్లోనే జ్వరం వచ్చి పోయాడు.

మంచి పేరుతో పోయినవాణ్ణి మా వైపు ఇంటి ముంగిట్లోనే పాతిపెడతారు. పిల్లలు ఆ అరుగు మీదే ఆడుకుంటారు, పెద్దలు అక్కడే కూర్చుని కల్లు తాగుతారు. దొంగగా పోయినవాడికి మాత్రం డప్పు ఉండదు, ఏడుపు ఉండదు. ఊరవతల పొదల్లో గొయ్యి తీసి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. నాన్న శవం వచ్చిన రోజున ఊరిపెద్దలు తటపటాయిస్తుంటే, "వంశం పరువు ముఖ్యం, పొదల్లోకే తీసుకెళ్ళండి" అని తేల్చేసింది చిన్నాన్నే. తల్లి లేని ఆయన్ని తన పిల్లలతోపాటు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దలు పెట్టి పెంచింది మా అమ్మ. ఆ రోజు నుంచి ఆయన మా గడప తొక్కలేదు. రోడ్డు మీద ఎదురుపడాల్సి వస్తే సందు మారేవాడు.

సరే. ఆ దుమ్ముగాలి కాలానికి వస్తాను.

నేను బావి కంచె బయట బాండీ పెట్టుకుని అరటికాయ వేపుళ్ళు అమ్ముతున్నాను. పక్కనే నా నేస్తం రుకెవ్వే అమ్మకానికి ఎండుచేపలు పరిచింది. లోపల రంగులు వేసేవాళ్ళు, కుర్చీలు దింపేవాళ్ళు, ఒకటే సందడి. చిన్నాన్న కారు వచ్చి ఆగింది. డ్రైవరు గోనెపట్టాలో చుట్టిన బరువైనదేదో మోసుకొచ్చి దిమ్మ మీద పెట్టాడు. చిన్నాన్న చుట్టూ జనం పోగయ్యేదాకా ఆగి, పెళ్ళికూతురి ముసుగు తీసినంత నెమ్మదిగా ఆ గోనె తీశాడు.

ఇత్తడి చక్రం. దాని చువ్వ ఒకటి వంకర.

"సపేలె పట్నంలో తుక్కు కొట్లో దొరికింది!" అని చేతులు చాపి చెప్పాడు చిన్నాన్న. "ఎన్నేళ్ళ నుంచి వెతికిస్తున్నానో తెలుసా? మన ఊరి సొమ్ము మన ఊరికి చేర్చాను. దీని కింద రాతిపలక పెడుతున్నారు, నా పేరుతో."

జనం చప్పట్లు కొట్టారు. కొట్టారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇత్తడి తుక్కువాడి చేతిలో పడితే వారం తిరక్కుండానే కరిగి గిన్నె అవుతుంది, గంట అవుతుంది. ఇన్నేళ్ళు చక్రంలాగే ఎలా ఉంది? అది అందరి నాలుక చివరా ఉంది. చిన్నాన్న ఇచ్చే కూలి కూడా అందరి ఇళ్ళలో ఉడుకుతోంది. అందుకే నాలుకలు లోపలే ఉండిపోయాయి.

"తెజిరీ, నీ అరటికాయ మాడుతోందే" అంది రుకెవ్వే మెల్లగా.

"మాడనీ" అన్నాను.

"ఇంటికెళ్ళు. ఇక్కడ నోరు జారకు. నీకు దణ్ణం పెడతాను."

బాండీ దించి ఇంటికి పరుగెత్తాను. అమ్మ పెరట్లో కర్రపెండలం పిండి కలియబెడుతోంది. అమ్మ పేరు ఒమోతే. నడుం వంగిపోయింది గానీ తెడ్డు పట్టుకుంటే ఇప్పటికీ ముద్ద ఉండకట్టదు. రొప్పుతూ మొత్తం చెప్పాను.

"ఏ చువ్వ?" అంది తెడ్డు ఆపకుండా.

"వంకర చువ్వే. నేను కాలు పెట్టి ఎక్కిన చువ్వ నాకు తెలియదా?"

"చిలుము పట్టిందా?"

"ఎక్కడుంది చిలుము? నూనె రాసి దాచినట్టుంది. గోనెకి పెండలం దుంపల మట్టి అంటుకుని ఉంది."

"అయితే బాగానే చూసుకున్నాడన్నమాట" అంది అమ్మ. గిన్నె దించి మూత పెట్టింది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

కొన్నాళ్ళకి చిన్నాన్నే మా ఇంటికి వచ్చాడు. ఎందుకు రాడు, అవసరం పడింది మరి! ఆ బావిలో తొలిసారి నూనె ఎగజిమ్మిన రోజు కళ్ళారా చూసినవాళ్ళలో ఇంకా బతికున్నది మా అమ్మ ఒక్కతే. అప్పుడు ఆమె చిన్నపిల్ల. మీద పడ్డ నల్లటి జిడ్డు నాలుగు స్నానాలకి గానీ వదల్లేదని చెబుతుండేది. ప్రారంభోత్సవానికి వచ్చే మంత్రిగారికి ఆమెను చూపించాలట. చిన్నాన్న గుమ్మం బయటే నిలబడ్డాడు. డ్రైవరు చేతిలో చీరలా చుట్టుకునే మంచి గుడ్డ, సారా సీసా ఉన్నాయి.

"బాగున్నావా వదినమ్మా?" అన్నాడు నిలబడే.

అమ్మ ఆయన మోకాళ్ళ వైపు చూసింది. మా ఊళ్ళో పెద్దవాళ్ళని ఎవరూ నిలబడి పలకరించరు. మోకాళ్ళ మీద కూర్చుని "మిగ్వో" అనాలి. మోకరించాను అని అర్థం. పెద్దవాళ్ళు "వ్రెండో", లేవయ్యా, అంటారు. ఆ మాట వినపడ్డాకే మోకాలు నేల మీంచి లేవాలి. బడిపిల్లల నుంచి బిరుదులున్నవాళ్ళ దాకా అందరిదీ అదే వరస. పొద్దున్నే పని తొందరలో అయితే పెద్దవాళ్ళు మోకాలు ఆనకముందే లే లే అనేస్తారు. చిన్నప్పుడు చిన్నాన్న రోజూ అమ్మ ముందు అలా మోకరించాకే బడికెళ్ళేవాడట.

"నీకేం కావాలి ఎడెవోర్?" అంది అమ్మ.

"వేదిక మీద కూర్చుని నాలుగు మంచి ముక్కలు చెప్పాలి వదినమ్మా. నీకు కుర్చీ, గొడుగు, మళ్ళీ ఇంటికి కారు, అన్నీ నేను చూసుకుంటాను."

"గొంతు లేదు నాయనా, ఎవరికి వినపడుతుంది?"

"మైకు నీ చేతికే ఇప్పిస్తాను!"

"అయితే వస్తాను. నాకు గుడ్డలూ వద్దు, సారా వద్దు. చిన్నప్పుడు నాకు దణ్ణం పెట్టేవాడివే, అలాగే ఆ రోజు అందరి ముందూ పెట్టు. నా ముచ్చట తీర్చు."

చిన్నాన్న ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత పకపకా నవ్వాడు. "ఓస్, ఇంతేనా! నువ్వు నా తల్లివి, నీ కాళ్ళ ముందు మోకరించడానికి నాకు సిగ్గేంటి? మంత్రిగారికీ చూపించినట్టుంటుంది మన సంప్రదాయం." సారా సీసా గుమ్మంలోనే పెట్టించి ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

కారు మలుపు తిరగ్గానే ఆ సీసా ఎత్తి రాయికేసి కొట్టాను.

"సిగ్గులేదా నీకు? నాన్నని పొదల్లో కుక్కలకి వదిలేసినవాడు దణ్ణం పెడితే మురిసిపోతావా?"

"గాజుపెంకులు ఏరు, కోళ్ళు తొక్కుతాయి" అంది అమ్మ.

ఆమె వదిలేస్తే వదిలేసింది, నేను వదలదలచుకోలేదు. మెకానిక్ కొట్టుకెళ్ళి ఇంజన్లలోంచి తీసిన నల్లటి నూనె డబ్బా నిండా తెచ్చాను. చిన్నాన్న ఆ రోజున తెల్లటి లేసు బట్టలు వేసుకుంటాడని నాకు తెలుసు. వేదిక ఎక్కుతుండగా నెత్తిన కుమ్మరించాలని. ఆయన బావిలోని నూనె ఆయనకే. తలుచుకుంటేనే నాకు కడుపు నిండినట్టుండేది. డబ్బా కట్టెల వెనక దాచాను. అమ్మ కట్టెలకని వెళ్ళి దాన్ని పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"ఎవరికిది?"

చెప్పాను.

"ఉతికితే పోతుంది" అంది.

"అందరూ నవ్వుతారుగా!"

"నవ్వి వాడి పక్షానే మాట్లాడతారు. నిన్ను పిచ్చిదంటారు, దొంగ కూతురు ఇంకేం చేస్తుందంటారు. నాకు ఉతికినా పోనిది కావాలే."

అప్పుడు ఆమె కళ్ళలోకి చూశాను. మురిసిపోయే మనిషి కళ్ళు కావవి. ఇన్నాళ్ళూ నేనే మంట మోస్తున్నానని గర్వపడ్డాను. అసలు నిప్పు ఆవిడ దగ్గర ఉంది.

"నాన్న నీతో చెప్పాడా, చక్రం తీసింది ఎవరో?"

"చెప్పలేదు. చెప్పకపోవడం చూసే తెలిసింది. మనం పెంచినవాడు కాకపోతే ఎవడికోసం జైల్లో నోరు మూసుకుంటాడు మీ నాన్న?" డబ్బా నా చేతికిచ్చింది. "తిరిగిచ్చేసిరా. రేపు నా పక్కన నిలబడు. ఏం జరిగినా నోరు తెరవకు. నోరు తెరిచావో, నిన్ను నేను కన్లేదనుకుంటాను."

ప్రారంభోత్సవం రోజున ఆకాశం దుమ్ముతో తెల్లగా ఉంది. పెదాలు పగిలి మాట్లాడితే రక్తం వచ్చేది. బావి చుట్టూ కుర్చీలు, కుర్చీల వెనక ఊరంతా. వెండిగొట్టాల మీద ఇత్తడి చక్రాన్ని తిరిగి బిగించారు. దాని కింద చిన్నాన్న పేరున్న రాతిపలకకి గుడ్డ కప్పారు. మంత్రిగారు మా భాష తెలియని దూరప్రాంతం మనిషి. కార్యక్రమం నడిపే అడెసువా బెనిన్ పట్నం పిల్ల, ఆమెకూ మా మాట రాదు. ఇద్దరూ అన్నిటికీ నవ్వుతున్నారు.

నాన్న ఉన్నప్పటి నీలం గుడ్డ కట్టుకుంది అమ్మ. కుర్చీలో కూర్చోగానే అడెసువా వచ్చి మైకు చేతికిచ్చింది. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది, మూతి పైకి ఉండేలా. ఫోను ఇస్తే ఎటువైపు మాట్లాడాలో తెలియని మనిషి, ఆ రోజు మైకుకి ఏది మూతి అని అడక్కుండానే తెలుసుకుంది.

చిన్నాన్న తెల్ల లేసు బట్టల్లో, మెడనిండా పగడాల దండలతో, చేతికర్రతో వచ్చాడు. కెమెరాలు తన వైపు తిరిగేదాకా ఆగాడు. కర్ర డ్రైవరుకి ఇచ్చి, అమ్మ కుర్చీ ముందు సిమెంటు మీద మోకరించాడు.

"మిగ్వో" అన్నాడు గట్టిగా, నవ్వుతూ.

అమ్మ మాట్లాడలేదు.

వినపడలేదేమో అనుకున్నాడు. ముందుకు వంగి, "మిగ్వో వదినమ్మా" అన్నాడు. అమ్మ ఆయన్నే చూస్తోంది. కోపం లేదు, చిరాకు లేదు. వంట గిన్నెలో నీళ్ళు మరిగాయా లేదా అని చూసే చూపు. ఆయన మొహం మీద నవ్వు ఇంకా ఉంది గానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మంత్రిగారు తలూపుతున్నారు, ఇదంతా సంప్రదాయంలో భాగమే అనుకుని. అడెసువా చప్పట్లు మొదలుపెట్టి, ఎవరూ కలవకపోతే ఆపేసింది. ఊరికి మాత్రం అర్థమైంది. పెంచిన తల్లి లేపకపోతే మనిషి ఎలా లేస్తాడు? లేచి ఎక్కడికి పోతాడు?

చిన్నాన్న మోకాళ్ళు మార్చాడు. పగడాల కింద మెడ తడిసింది. ఇంకా దగ్గరికి జరిగి, అమ్మ ఒళ్ళో తల పెట్టినంత దగ్గరగా, గొంతు తగ్గించాడు.

"వదినమ్మా, పెద్దమనుషులున్నారు. లే అను."

ఆ గుసగుస నాలుగు మూలలా ఉన్న స్పీకర్లలోంచి ఊరంతా వినపడింది. ఆయనకి రక్తం చెవుల్లో హోరెత్తుతోందో ఏమో, తన గొంతు తనకే వినపడలేదు.

"నీకేం కావాలో చెప్పు. ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలా? తెద్దాం. ముంగిట్లో పెడదాం. ఎద్దుని కోయిస్తాను, డప్పులు పిలిపిస్తాను."

అమ్మ కదల్లేదు.

"నేనేం ఆయన్ని పట్టించానా? పెండలం పాకలో పూడుస్తుంటే తనే చూశాడు. చూసి తనే పోలీసుల వెంట వెళ్ళిపోయాడు. నా పేరు చెప్పొద్దని నేనేమన్నా అడిగానా? తర్వాత అమ్ముదామంటే ఆ దిక్కుమాలిన వంకర చువ్వ చూసి ఎవడైనా పట్టేస్తాడని భయం. ఇప్పుడు ఊరికే ఇచ్చేశాను కదా! ఇంకేం చెయ్యమంటావ్? లే అను వదినమ్మా, నీకు దణ్ణం..."

అప్పుడు విన్నాడు. చివరి మాట హాలు రేకులకి తగిలి వెనక్కి వచ్చి ఆయన చెవిలోనే పడింది. తలెత్తాడు. జనంలో ఒక్కళ్ళూ నవ్వలేదు. రుకెవ్వే తలగుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. పొదల్లో నాన్న గొయ్యి తవ్విన ముసలాళ్ళిద్దరు నేల చూపులు చూశారు. నాకు అరవాలని, గంతులేయాలని ఉంది. నోరు తెరవలేదు.

అమ్మ మైకుని పెదాల దాకా ఎత్తింది. "లే అనాల్సింది నేను కాదు" అంది. "నీ బదులు పడుకున్నవాడు పొదల్లో ఉన్నాడు. వెళ్ళి ఆయన ముందు మోకరించు. ఆయన లే అంటే లే."

మైకు అడెసువా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని లేచింది. బావి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. మేం నడుస్తుంటే ఆడవాళ్ళు దారి ఇచ్చి, ఒకరి వెనక ఒకరు మా వెంట వచ్చేశారు. వెనక్కి చూస్తే కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. మంత్రిగారు పక్కనున్నవాణ్ణి ఏదో అడుగుతున్నారు. చిన్నాన్న అలాగే ఉన్నాడు. చివరికి డ్రైవరు చంకల కింద చేతులు వేసి లేపాల్సి వచ్చింది.

సాయంత్రం ఆయన పొదల్లోకి వెళ్ళాడు. పోకపోతే పెద్దలు ఊరుకునేవాళ్ళు కాదు. మోకరించి "మిగ్వో అన్నయ్యా" అన్నాడట. ఎండుటాకుల్లో గాలి తప్ప ఏం వినపడలేదట. కాపలాకి వెళ్ళిన ముసలాళ్ళు ఎంతసేపని ఉంటారు, ఇళ్ళకి వచ్చేశారు. ఆ పూట అమ్మ ఎర్ర పామాయిల్ పులుసుతో ముద్ద మీద ముద్ద తింది. అంత ఇష్టంగా తినడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ తిన్నాను. జాలి వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు.

వానలకి ముందే నాన్న ఇంటికి వచ్చాడు. పొదల్లో దొరికినవన్నీ తెల్లగుడ్డలో చుట్టి, డప్పులతో, ఊరంతా పాడుతుండగా తెచ్చి మా ముంగిట్లో పెట్టాం. ఎద్దు చిన్నాన్నదే. తినడానికి ఆయన్ని ఎవరూ పిలవలేదు. రాతిపలక మీద పేరు ఎవరో ఉలితో చెక్కి చెరిపేశారు, ఎవరో నేను అడగలేదు. సంఘం పెద్దరికం పోయింది. అదంతా ఉతికితే పోయేదే. పోనిది వేరే ఉంది. ఆయన వీధిలోకి వస్తే పిల్లలు మోకరించడం మానేశారు. ఆయన ఏ పెద్దవాడి ముందైనా మోకరించబోతే, ఆ పెద్దవాడు చూడనట్టు పక్కకి తిరిగేవాడు. ఒమోతే లేపనివాణ్ణి మేమెందుకు లేపాలన్నారు.

మొదటి వాన పడ్డ వారంలో అమ్మ మంచం పట్టింది. చిన్నాన్న తడుస్తూ వచ్చాడు. ఈసారి గడప దాటి, మంచం పక్కన మట్టినేల మీద మోకరించాడు. పగడాలు లేవు, లేసు లేదు, డ్రైవరు లేడు.

"మిగ్వో" అన్నాడు.

అమ్మ కళ్ళు తెరిచి ఆయన్ని చాలాసేపు చూసింది. పెంచిన చెయ్యి ఒకటి దుప్పట్లోంచి కొంచెం కదిలింది. నేను ముందుకు వంగాను. అంటుందేమో, ఆఖరికి అనేస్తుందేమో అని. తర్వాత ఆమె మెల్లగా గోడ వైపు తిరిగి పడుకుంది. తెల్లవారేసరికి పోయింది.

నాన్న పక్కనే పెట్టాం.

బావి చూడ్డానికి ఇప్పుడు బస్సుల్లో వస్తారు. వంకర చువ్వలో కాలు పెట్టి ఫొటోలు దిగుతారు, బయటికొచ్చి నా దగ్గర వేపుళ్ళు కొంటారు. చిన్నాన్న కూడా వస్తుంటాడు, ముసలాడైపోయాడు. నా బాండీ ముందు నిలబడి ఏదో అడగబోయినట్టు నా మొహంలోకి చూస్తాడు. ఆయనకి ఆ మాట అనగలిగిన పెద్దవాళ్ళు మా ఇంట్లో ఇక ఎవరూ లేరు. నేను చిన్నదాన్ని. అనాలనుకున్నా నాకు ఆ హక్కు లేదు.

అనాలనీ లేదు.